మాస్టార్ల జీతం ఎవరిచ్చారమ్మా?

శనివారం. ఆరు కూడా కాకముందే వంటింట్లో చప్పుడు. లేచి చూస్తే నాన్న ఫిల్టర్‌లో డికాషన్ దించుతున్నారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ వచ్చి నెల దాటినా ఆయన నిద్ర ఇంకా మన టైములోనే ఉంది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. పన్నెండు రోజులుగా అలాగే పెడుతున్నారు.

కారణం నాకు తెలుసు. మూతపడిన మా ఊరి హైస్కూలు మళ్లీ తెరవాలని పాత విద్యార్థులు వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నారు. కమిటీకి గౌరవాధ్యక్షుడిగా మాస్టారే ఉండాలని అందరిదీ ఒకటే పట్టు. నాన్న ఔననలేదు, కాదనలేదు. ఆయన ఇంత ఆలోచించడం నా పెళ్లి సంబంధం అప్పుడు కూడా చూడలేదు.

దివిసీమలో మా ఊరి బడి స్వాతంత్ర్యానికి ముందుది. ఒకాయన పొలం ఇస్తే, ఊళ్లోవాళ్లు తలాకాస్త వేసుకుని కట్టుకున్నది. తర్వాత ఎయిడెడ్ అయింది, అంటే మాస్టార్ల జీతాలు ప్రభుత్వం ఇచ్చేది. నాన్న అక్కడ ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పారు. నేనూ అక్కడే చదివాను. రిటైరైనవాళ్ల చోట కొత్తవాళ్లు రాలేదు. ఆఖరికి పదో తరగతికి లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మూడూ ఆయనే చెప్పాల్సి వచ్చింది. ఒక్కోసారి అయిదారు నెలలు జీతాలు వచ్చేవి కావు. అమ్మ గాజులు బందరులో తాకట్టులో ఉన్న రోజులు నాకు బాగా గుర్తు. నాన్న రిటైరైన కొన్నేళ్లకు బడికి తాళం పడింది.

ఈయన్ని ఇవాళ యెల్లో స్ప్రింగ్స్ తీసుకెళ్లాలని నిన్ననే అనుకున్నాను. అక్కడ యాంటియాక్ కాలేజీ ఉంది. మూతపడితే పాత విద్యార్థులే మళ్లీ తెరిపించిన కాలేజీ. అది చూస్తే ఆ ఫోను తిప్పి పెడతారేమోనని ఆశ. పులిహోర కలిపి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని తొమ్మిదింటికి బయల్దేరాం.

దారిలో హఫ్‌మన్ డ్యామ్ దగ్గర కారు ఆపమన్నారు. మ్యాడ్ రివర్ మీద పొడవాటి మట్టికట్ట. 1913 మార్చి వరదల్లో డేటన్ మునిగిపోయాక ఇలాంటివి అయిదు కట్టారు. మామూలు రోజుల్లో నది కట్ట కింద తూముల్లోంచి తన దారిన తాను పోతుంది. వరదొచ్చినప్పుడు తూములు పట్టినంతే కిందికి వెళ్లి, మిగతా నీళ్లు కట్ట వెనక నిలబడతాయి. ఎత్తడానికీ దించడానికీ గేట్లు లేవు. నాన్న 1977 నవంబరు 19 ఉప్పెన కళ్లారా చూసిన మనిషి. నీళ్ల సంగతి చెబితే మాట్లాడకుండా వింటారు. కట్ట మీదికి నాలుగడుగులు ఎక్కి, వంగి గడ్డి పట్టుకుని లాగి చూశారు. "వేరు బాగా పట్టింది. కట్ట కోసుకోదు," అన్నారు.

ఈ పనులన్నిటికీ చీఫ్ ఇంజనీరు ఆర్థర్ మోర్గాన్ అని, ఆయనే 1920లో మనం వెళ్తున్న కాలేజీకి అధ్యక్షుడయ్యాడని చెప్పాను. నాన్న ఆగిపోయారు.

"మోర్గానా? రాధాకృష్ణన్ కమిషన్‌లో ఉన్న మోర్గానేనా?"

ఆయనే. 1948లో మన దేశం వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో సభ్యుడు. పల్లెటూళ్లకు తగిన విశ్వవిద్యాలయాలు కావాలని ఆ నివేదికలో అంత గట్టిగా రాయడం వెనక ఈయన ఉన్నాడు. నాన్న బీఎడ్‌లో ఆ పేర్లన్నీ బట్టీపట్టారట. పరీక్ష కోసం నేర్చుకున్న పేరు ఇన్నేళ్లకి ఒహాయోలో మట్టికట్ట మీద ఎదురైనందుకు ఆయన మొహం వెలిగిపోయింది. విద్యార్థులు కొన్నాళ్లు చదువు, కొన్నాళ్లు బయట ఉద్యోగం చేసే పద్ధతిని యాంటియాక్‌లో మోర్గానే మొదలుపెట్టాడని చెబితే, "ఇంజనీరు కదా, అందుకే అలా ఆలోచించాడు," అన్నారు.

కాలేజీ ఆవరణ ఖాళీగా ఉంది. పెద్ద పెద్ద చెట్లు, మధ్యలో జంట బురుజుల ఎర్ర ఇటుకల భవనం, యాంటియాక్ హాల్. 1853లో తెరిచారు. మొదటి అధ్యక్షుడు హొరేస్ మాన్, అమెరికాలో పిల్లలందరికీ ప్రభుత్వ బడులు ఉండాలని పోరాడినాయన. ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఇక్కడ మొదట్నుంచీ ఒకే చదువు. మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ చదివిందీ ఇక్కడే.

ఇవన్నీ నేను చెబుతున్నాను. నాన్న మాత్రం గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఇటుకల మధ్య గారని బొటనవేలితో రాశారు. వేలికి గులాబీ రంగు పొడి అంటింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఆ పొడిని నెమ్మదిగా నలుపుతూ ఉన్నారు. సుద్దముక్క వదిలేశాక కూడా ఆయన వేళ్లు అలాగే కదిలేవి. ఇంట్లో అన్నం తినడానికి కూర్చున్నప్పుడు కూడా.

"ఎప్పుడు మూశారు?"

చెట్టు కింద బెంచీ మీద కూర్చుని చెప్పాను. 2007 జూన్‌లో, డబ్బుల్లేవు, వచ్చే ఏడాది మూసేస్తున్నామని కాలేజీ మీద అధికారం ఉన్న యాంటియాక్ విశ్వవిద్యాలయం బోర్డు ప్రకటించింది. అదే నెలలో పాత విద్యార్థులు ఇక్కడ కలిశారు. చందాలు మొదలయ్యాయి. బోర్డుతో మాటలు కుదరడం, మళ్లీ చెడడం. 2008 జూన్ 30న తలుపులు మూశారు. 2009 సెప్టెంబరులో పాత విద్యార్థుల సంస్థ దాదాపు 60 లక్షల డాలర్లు కట్టి భవనాలు, పక్కనున్న గ్లెన్ హెలెన్ అడవి, కాలేజీ మూలనిధి, పేరు అన్నీ విడిపించుకుంది.

"పేరు కూడానా?"

"పేరు కూడా, నాన్నా. లేకపోతే ఇది ఇంకో కాలేజీ అయ్యేది."

2011లో 35 మందితో మళ్లీ మొదలైంది. ఆ పిల్లలెవరి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. పూర్తి గుర్తింపు రావడానికి 2016 దాకా పట్టింది. ఇప్పటికీ చాలా చిన్న కాలేజీయే, డబ్బుకి ఇబ్బంది తీరలేదు.

60 లక్షల డాలర్లంటే ఆశ్చర్యపోతారనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"మూసి ఉన్నన్నాళ్లు మాస్టార్ల జీతం ఎవరిచ్చారమ్మా?"

ఎప్పుడు తెరిచారు, ఎంత కట్టారు అన్నీ చదివాను గానీ, ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆయన ఇంట్లో పుట్టి పెరిగి కూడా తట్టలేదు. జవాబు తెలుసు, కాకపోతే దాన్ని ఒక చిన్న వివరంగా అనుకుని వదిలేశాను. కాలేజీ మూసిన ఏడాది అధ్యాపకులు కొందరు ఊరు వదల్లేదు. 'నాన్‌స్టాప్' అని పేరు పెట్టుకుని ఇళ్లలో, చర్చిల్లో, కాఫీ షాపుల్లో క్లాసులు నడిపారు. వాళ్ల జీతాలకి పాత విద్యార్థులే చందాలు పోగుచేశారు. గుర్తింపు లేదు, డిగ్రీ రాదు. అయినా కొంతమంది పిల్లలు వచ్చి కూర్చున్నారు.

నాన్న కాఫీ కప్పు కింద పెట్టేశారు. "అదీ! బడి మూయలేదన్నమాట. గదులకి తాళం వేశారు, అంతే." కాసేపాగి, "కాలేజీ తెరిచాక వాళ్లందర్నీ తీసుకున్నారా?" అన్నారు.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. లేదు, నాన్నా. కొత్తగా నియామకాలు జరిపారు, పాతవాళ్లలో చాలామందికి చోటు దొరకలేదు.

ఆ తర్వాత చాలాసేపు ఆయన మాట్లాడలేదు. పులిహోర తిన్నాం. ఒక ఉడుత దగ్గరిదాకా వచ్చి వేరుశనగ పలుకు పట్టుకుపోయింది. గ్లెన్ హెలెన్‌లోకి కాస్త నడిచాం. ఈ ఊరికి పేరు తెచ్చిన ఊట అక్కడే ఉంది. నీళ్లలోని ఇనుము వల్ల చుట్టూ రాళ్లు పసుపు, నారింజ రంగుల్లోకి తిరిగాయి. ఈ అడవిని ఒక పాత విద్యార్థి చనిపోయిన తన కూతురి పేరు మీద 1929లో కాలేజీకి ఇచ్చాడు. మామూలుగా అయితే నాన్న ఆ ఊట దగ్గర అరగంట నిలబడేవారు. ఇవాళ రెండు నిమిషాల్లో వెనక్కి తిరిగారు.

తిరుగు ప్రయాణంలో నేను మాత్రం లోపల రగిలిపోతూ ఉన్నాను. అన్ని కోట్లు పోగుచేసిన మనుషులు, ఆ చీకటి ఏడాదిలో దీపం పట్టుకున్నవాళ్లకి చోటెందుకు చూడలేకపోయారు? కొత్తగా మొదలవుతున్న సంస్థకి లెక్కలు, నిబంధనలు ఉంటాయి, తెలుసు. ఆఫీసులో నేనూ రోజూ అవే చెబుతుంటాను. అయినా నాకు అది తప్పుగానే అనిపిస్తోంది. అయిదారు నెలలు జీతం లేకపోయినా ఒక్క రోజు ఫస్ట్ పీరియడ్‌కి ఆలస్యం కాని మనిషి పక్క సీట్లో కూర్చుని ఉంటే, ఇంకోలా అనుకోవడం నా వల్ల కాదు.

రాత్రి భోజనాలయ్యాక నాన్న ఫోను తిప్పారు. గ్రూపులో వచ్చిన అంచనాల కాగితం పెద్దది చేసి చూపించమన్నారు. స్వాగత ఆర్చి, ఏడు లక్షలు. దాత గారి విగ్రహం, మూడున్నర. రంగులు, ప్రారంభోత్సవం, శాలువాలు. అయిదు పేజీలు. ఉపాధ్యాయుల గురించి ఒకే ఒక్క ముక్క ఉంది: 'తర్వాత చూద్దాం.' నా బ్యాచ్ వాళ్లు రాసిందే. పోయిన వారం ఆ ఆర్చి బొమ్మకి నేనూ ఒక లైక్ కొట్టాను.

కరెంటు బిల్లు కవరు వెనక నాన్న లెక్క వేశారు. ఇద్దరు టీచర్లు. ఒక్కొక్కరికి నెలకి ఇరవై వేలు. ఇరవై నాలుగు నెలలు. తొమ్మిది లక్షల అరవై వేలు. చివర రెండు గీతలు గీసి, చదువుకోవడానికి వీలుగా కవరు నా వైపు తిప్పారు. క్లాసులో పలకలు దిద్ది ఇచ్చేటప్పుడు అలాగే తిప్పి ఇచ్చేవారు.

"నువ్వు టైపు చెయ్యమ్మా, నాకు ఒత్తులు సరిగా పడవు," అన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టాను.

"అందరికీ ఆశీస్సులు. బడి స్థలం కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో ముందు చూడండి. ఇద్దరు టీచర్ల రెండేళ్ల జీతం 9,60,000 బ్యాంకులో వేసి పాస్‌బుక్ ఫోటో ఇక్కడ పెట్టండి. అది పెట్టిన రోజు నుంచి నేను అధ్యక్షుణ్ని. ఈలోపు జూన్‌లో వచ్చేస్తున్నాను. రామాలయం అరుగు మీద సాయంత్రాలు లెక్కలు చెబుతాను. పిల్లల్ని పంపమని ఊళ్లో చెప్పండి. ఆర్చి వద్దు."

పంపేటప్పటికి ఇక్కడ ఎనిమిదయింది, అక్కడ తెల్లవారుజాము అయిదున్నర. ఎవరూ లేచి ఉండరనుకున్నాం. నిమిషంలో ఒక జవాబు వచ్చింది, ఇప్పుడు కోడూరులో ఎరువుల కొట్టు నడుపుతున్నతను. 'మాస్టారూ, మొదటి నెల జీతం నాది.'

నాన్న అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కవరు వెనక ఇరవై నాలుగు పక్కన చిన్నగా ఇరవై మూడున్నర అని రాశారు. జీతాలు రెండు, అతనిచ్చేది ఒకటేనా రెండూనా అని కనుక్కోమన్నారు.