మామయ్య కంటికి అందని ఎరుపు

చిత్తూరు దగ్గరి తన టమోటా తోటలో మా మేనమామ పండిన కాయలను రంగు చూసి కాక, వేళ్లతో నొక్కి గుర్తుపట్టేవారు. అది చూపు మందగించడం కాదనీ, పుట్టుకతో వచ్చిన, ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వర్ణాంధత్వమనీ మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎరుపు, ఆకుపచ్చ కాంతులను గ్రహించే శంకుకణాల (రంగులను గుర్తించే కంటి కణాల) వర్ణకాలకు సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవారికి అది ఒక్కటే కాబట్టి లోపాన్ని పూడ్చే రెండో ప్రతి ఉండదు. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం మందికి, స్త్రీలలో 0.5 శాతం మందికి ఈ లోపం ఉంది. కొడుక్కి ఇది తల్లి నుంచే వస్తుంది, అయినా ఆ తల్లికి సాధారణంగా రంగులన్నీ మామూలుగానే కనిపిస్తాయి. మేనరికాలు నేటికీ జరిగే మా వైపు ఈ సంగతి తప్పక తెలియాలి: లోపమున్న మామను ఆ జన్యువును మోసే మేనకోడలు పెళ్లాడితే, పుట్టే ఆడపిల్లకూ వర్ణాంధత్వం వచ్చే అవకాశం 50 శాతం.