ఎయిర్ రైఫిల్‌కి స్కోపు బిగించడం: నా అనుభవం

మా నాన్న కొన్న పాత ఎయిర్ రైఫిల్ ఒకటుంది. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న గుండు), బ్యారెల్ వంచి స్ప్రింగు ఎక్కించే రకం. నలభై దాటాక, గురి చూసుకునే వెనక సైటు నా కంటికి మసగ్గా కనిపించసాగింది. అందుకే స్కోపు, అంటే గురి చూసే దుర్బిణి, పెట్టుకున్నాను. అది రెండు విడి రింగుల మౌంటుతో (స్కోపుని పట్టి ఉంచే బిగింపుతో) తుపాకీ గొట్టం పైనున్న గాడికి బిగుస్తుంది.

నెల్లిమర్ల దగ్గర మా తోటలో, గోడకి ఇసుక బస్తాలు ఆనించి, పది మీటర్ల నుంచి కాల్చాను. ఇరవై షాట్లయ్యేసరికి గురి తప్పింది. స్కోపుదే లోపం అనుకుని వారం రోజులు దాని మరలే తిప్పాను. చివరికి మౌంటు వెనకాల పెన్సిల్‌తో గీత గీసి పది షాట్లు కాల్చి చూస్తే, మౌంటు జరిగి గీత మీదకి ఎక్కేసింది! స్ప్రింగు తోసిన పిస్టన్ ముందుకి దూకినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర గుద్దుకోగానే మళ్లీ ముందుకి కుదుపు. ఆ కుదుపుకి స్కోపు వెనక్కి జారుతుంది. ఇలాంటి తుపాకీ కోసం చెయ్యని మామూలు స్కోపుల్లో అయితే లోపలి గురి గీతలు కూడా తెగిపోవచ్చు.

గాడిలో చిన్న చిల్లు వేసి పిన్ను దించితే జారదు కదా అని విజయనగరంలో ఒక లేత్ షాపుకి పట్టుకెళ్లాను. అక్కడి పెద్దాయన వెర్నియర్‌తో కొలిచి చూసి, గాడి మీద వేలితో తడిమాడు. "ఏటి బాబూ, ఈ గొట్టంలోనే గదా పిస్టన్ ఆడతాది. గాడి కోసిన కాడ రేకు మరీ పల్చగుంది. చిల్లెడితే తుపాకీ పోద్ది" అన్నాడు. పని వద్దని చెప్పిన ఆ మాటే నా తుపాకీని కాపాడింది.

ఆయన గాడి అంచుల్లో పొడుచుకొచ్చిన లోహపు ముళ్లని సన్న ఆకురాయితో తీసేసి, గాడికి సరిపడే చిన్న ఇనప దిమ్మ చేసిచ్చాడు. మౌంటు వెనక దాన్ని రెండు మరలతో బిగించాలి. రెండు విడి రింగులు తీసేసి, 11 మిల్లీమీటర్ల గాడికి నాలుగు మరలతో పట్టే ఒకే ముక్క మౌంటు తెప్పించుకున్నాను. బిగించే ముందు గాడిలోని నూనె పెట్రోలు గుడ్డతో పూర్తిగా తుడవాలి. ఇంతకుముందు ఆ పని చెయ్యనే లేదు నేను.

ఇక గురి సరిచేయడం తేలికే. నా స్కోపు మర తిప్పితే ఒక్కో క్లిక్కుకి పది మీటర్ల దగ్గర 0.7 మిల్లీమీటర్లు మారుతుంది. ఇరవై క్లిక్కులు తిప్పితే పెల్లెట్ 14 మిల్లీమీటర్లు జరిగింది. ఇప్పటికి నూరు షాట్లు దాటాయి. కొత్తగా గీసిన పెన్సిల్ గీత దిమ్మ వెనక అలాగే ఉంది.