నీవే మాకు దిక్కు

యూదా రాజు యెహోషాపాతు దగ్గర 11 లక్షల 60 వేల మంది సైన్యం ఉంది.

రెండవ దినవృత్తాంతములు 17వ అధ్యాయం చివర్లో ఆ లెక్క కనిపిస్తుంది. అద్నా కింద 3 లక్షలు, యెహోహానాను కింద 2 లక్షల 80 వేలు, అమస్యా కింద 2 లక్షలు, ఎల్యాదా కింద 2 లక్షలు, యెహోజాబాదు కింద లక్షా 80 వేలు. ప్రాకారాలున్న పట్టణాల్లో కాపలా పెట్టినవాళ్ళు వీళ్ళు కాక. ఇలాంటి పేర్లూ అంకెలూ వస్తే మనం గబగబా చదివేసి ముందుకు వెళ్ళిపోతాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే వెళ్ళిపోయాను. ఒకసారి మాత్రం కాగితం మీద పెట్టి కూడాను. ఆ కూడిక చేతిలో ఉంచుకుని మూడు అధ్యాయాలు దాటి 20వ అధ్యాయం చదివితే, అక్కడ రాజు అన్న మాట ఇంకోలా వినిపించింది.

మోయాబీయులు, అమ్మోనీయులు కలిసి దండెత్తి వచ్చారు. ఎక్కడో దూరాన లేరు, అప్పటికే ఏన్గెదీలో ఉన్నారని కబురు. యెహోషాపాతు భయపడ్డాడు. భయపడ్డాడని గ్రంథం దాచకుండా చెబుతుంది. యూదా అంతటా ఉపవాసం చాటించాడు. జనమంతా మందిరం దగ్గర కూడితే, వాళ్ళ మధ్య నిలబడి ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థన చివర్లో ఉంది ఈ మాట: "మాకు శక్తి చాలదు, ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు."

పదకొండు లక్షల మంది తన వెనక నిలబడి ఉన్న మనిషి అంటున్నాడు, శక్తి చాలదని.

మూల భాషలో ఆ చివరి మాటకు "మా కన్నులు నీ మీదే ఉన్నాయి" అని అర్థం. మన తెలుగు బైబిలులో "దిక్కు" అని వచ్చింది. ఎప్పుడు చదివినా ఆ మాట దగ్గర ఆగిపోతాను. మనకు దిక్కు అంటే తూర్పు, పడమర. దిక్కు అంటే ఆదుకునే మనిషి కూడా. దారి తప్పినవాడికి దిక్కు తోచదు. ఎవరూ లేనివాడికి దిక్కు లేదు. "ఏమి చేయుటకును తోచదు" అన్న నోటితోనే "నీవే దిక్కు" అన్నాడు రాజు. దిక్కులేనివాళ్ళకు దేవుడే దిక్కని మనవాళ్ళు అంటుంటారు కదా. సాధారణంగా అది అనాథల గురించీ, అన్నీ పోగొట్టుకున్నవాళ్ళ గురించీ జాలిగా అనే మాట. ఇక్కడ అంటున్నది మాత్రం కోటలూ కొట్లూ సైన్యమూ అన్నీ ఉన్నవాడు.

ఈ వాక్యం నాకు అర్థమైంది గుడిలో కాదు, రొయ్యల చెరువు గట్టు మీద. ఆ సంగతి చెప్పాలి.

మాది ఒంగోలు వైపు సముద్రానికి దగ్గర ఊరు. కొన్నేళ్ళ క్రితం నాలుగెకరాలు లీజుకు తీసుకుని వనామీ రకం రొయ్య వేశాను. వరసగా మూడు పంటలు బాగా వచ్చాయి. నా దగ్గర ఒక పొడుగాటి నోటు పుస్తకం ఉండేది. సీడ్ ఎంత, మేత ఎంత, డీజిల్ ఎంత, ఏ రోజుకి ఎంత కౌంట్ వచ్చింది, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయి, అన్నీ అందులో రాసేవాణ్ణి. పక్క చెరువులవాళ్ళు కూడా వచ్చి నన్ను సలహా అడిగేవాళ్ళు. ఆదివారం కానుక వేసేవాణ్ణి, భోజనానికి ముందు ప్రార్థన చేసేవాణ్ణి. కానీ లోపల నా నమ్మకం ఎక్కడుందంటే ఆ పుస్తకంలో ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది కానీ, అప్పుడు ఎవరైనా ఆ మాట అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

నాలుగో పంట. యాభై రోజులు దాటాయి. ఒక తెల్లవారుజామున టార్చి పట్టుకుని వెళ్ళి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగాను. మామూలుగా ఆ వేళకు ట్రే నాకినట్టు ఖాళీగా ఉంటుంది. ఆ రోజు మేత వేసింది వేసినట్టే ఉంది. పక్కన మూడు రొయ్యలు కదలకుండా పడి ఉన్నాయి. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని తల మీది పెంకు ఊడదీసి టార్చి వెలుగుకు ఎత్తి చూశాను. సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్ల మచ్చలు. నాకు కాళ్ళల్లో సత్తువ పోయింది. ఏరేటర్లు మాత్రం ఏమీ ఎరగనట్టు నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి.

వైట్ స్పాట్ అనే ఆ వైరస్ జబ్బు వచ్చిన చెరువు ఎన్నో రోజులు నిలవదు. దొరికినంత పట్టేసి, వచ్చిన రేటుకు అమ్మేశాను. మేత డీలరు దగ్గర అప్పు, లీజు బాకీ, బయట తెచ్చిన వడ్డీ డబ్బు, అన్నీ కలిపితే దాదాపు 9 లక్షలు తేలింది.

ఇదంతా ఇంట్లో చెప్పలేదు. చిన్న సైజులోనే పట్టేశాం, రేటు తక్కువ వచ్చింది, అంతవరకే చెప్పాను. అప్పు సంగతి మింగేశాను. పదకొండు రోజులు పొద్దున్నే లేచి, ఖాళీ చెరువు దగ్గరికి పని ఉన్నట్టు వెళ్ళి కూర్చునేవాణ్ణి. "ఏంటండీ, అన్నం ముందు పెట్టుకుని ఎటో చూస్తున్నారు?" అని నా భార్య అడిగితే ఎండకు తలనొప్పి అన్నాను. మా అమ్మ "అబ్బాయ్, ఒంట్లో బాగాలేదా?" అంటే బాగానే ఉందమ్మా అన్నాను. ఆ టెన్షన్‌లో ఎలాంటి ఆలోచనలు వచ్చాయో రాయను. అలాంటి రాత్రులు చూసినవాళ్ళకు రాయక్కర్లేదు.

మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిలు వరసగా చదువుతాం, రోజుకో అధ్యాయం, ఒక్కొక్కరి వంతు. అప్పుడు ఆరో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయి వంతు వచ్చింది ఆ రోజు. ఇరవయ్యో అధ్యాయం. అక్షరాల కింద వేలు పెట్టి, హససోన్‌తామారు లాంటి పేర్ల దగ్గర తడబడి, మళ్ళీ మొదలుపెడుతూ చదివింది. నేను సగం వింటున్నాను, సగం వడ్డీ లెక్క వేసుకుంటున్నాను. "మాకు శక్తి చాలదు" దగ్గర తలెత్తాను. నన్ను కూలదోసింది మాత్రం ఆ తర్వాతి వచనం. యూదావాళ్ళందరూ తమ పసిపిల్లలతో, భార్యలతో, పిల్లలతో యెహోవా సన్నిధిలో నిలబడ్డారని ఉందక్కడ.

అంటే రాజు ఆ మాట అన్నప్పుడు వాళ్ళంతా అక్కడే ఉన్నారన్నమాట. ఆడవాళ్ళు ఉన్నారు. చంకలో పిల్లలు ఉన్నారు. నాకు ఏమీ తోచట్లేదని రాజు తన పడకగదిలో, దీపం ఆర్పేసి అనలేదు. తనను నమ్ముకుని బతుకుతున్నవాళ్ళ ఎదుట అన్నాడు.

నేను చాప మీద అలాగే ముందుకు ఒరిగిపోయి ఏడ్చాను. పిల్ల భయపడి చదవడం ఆపేసింది. ఆ రాత్రి నా భార్యకూ, అమ్మకూ అంతా చెప్పాను, అంకెలతో సహా. నా భార్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పదకొండు రోజులు ఒక్కరే మోశారా?" అంది, అంతే. మా అమ్మ మాత్రం "నాయనా, మా దగ్గర దాచావు సరే, ఆయన దగ్గర కూడా దాద్దామనుకున్నావా?" అంది.

నిజమే, దాద్దామనే అనుకున్నాను. ఆ పదకొండు రోజుల్లో ప్రార్థన చేయలేదని కాదు. చేశాను. కానీ అవి సర్దుబాటు ప్రార్థనలు. ప్రభువా, ఎక్కడైనా అప్పు పుట్టించు, మిగతాది నేను చూసుకుంటాను, ఇలాంటివి. నేను చూసుకుంటాను అన్న ముక్క ప్రతి ప్రార్థనలోనూ ఉంది. సామెతలలో "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక" అన్న మాట చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టాను. స్వబుద్ధి అంటే ఏదో చెడ్డ బుద్ధి అనుకునేవాణ్ణి. కష్టపడి నేర్చుకున్న బుద్ధి, మూడు పంటలు పండించిన బుద్ధి కూడా స్వబుద్ధేనని అప్పుడు తెలిసింది.

పౌలు కూడా ఇలాగే బయటపెట్టుకున్నాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లోనే, ఆసియలో తమకు వచ్చిన శ్రమ గురించి మీకు తెలియకుండా ఉండడం మాకిష్టం లేదంటాడు. ఆ శ్రమ ఏమిటో చెప్పడు. బతుకుతామన్న నమ్మకం పోయిందనీ, తమ శక్తికి మించిన భారంతో కుంగిపోయామనీ మాత్రం ఒప్పుకుంటాడు. అదెందుకు వచ్చిందో కూడా చెబుతాడు: "మృతులను లేపు దేవునియందే గాని, మాయందే మేము నమ్మిక యుంచకుండునట్లు." మాయందే అన్న ఆ మాట చూడండి. అపొస్తలుడికి కూడా తన మీద తనకు నమ్మకం పెట్టుకునే ప్రమాదం ఉందన్నమాట. ఆ వెంటనే, మీ ప్రార్థన వల్ల మీరూ మాకు సహాయం చేస్తున్నారంటాడు. చెప్పుకోకపోతే వాళ్ళెలా ప్రార్థిస్తారు?

మన ఇళ్ళల్లో మగవాళ్ళకు ఇది చాలా కష్టం. ఇంటి పెద్ద బెంబేలు పడితే ఇల్లు బెంబేలు పడుతుందని చిన్నప్పటినుంచి వింటూ పెరుగుతాం. ధైర్యంగా కనబడడాన్నే విశ్వాసం అనుకుంటాం. అప్పులు దాచి, దాచి, చివరికి చీకట్లో ఒంటరిగా మిగిలిపోయిన రైతుల గురించి తెలియని ఊరు మన దగ్గర లేదు. వాళ్ళలో దేవుణ్ణి నమ్మినవాళ్ళు లేరని అనలేను. శక్తి చాలదని నోరు తెరిచి అనడానికి ఒక చోటు, వినడానికి నలుగురు మనుషులు దొరకలేదేమో వాళ్ళకు. ఈ మాట రాస్తుంటే నాకు గొంతు పట్టేస్తోంది.

ఇక, నీవే దిక్కు అని చేతులు ముడుచుకుని కూర్చోవాలా అంటే, యెహోషాపాతు కూర్చోలేదు. లేవీయుడైన యహజీయేలు మీదికి దేవుని ఆత్మ వచ్చి "ఈ యుద్ధము మీరు కాదు దేవుడే జరిగించును" అని చెప్పించాక కూడా, రేపు బయలుదేరి వాళ్ళకు ఎదురుగా వెళ్ళమనే ఆజ్ఞ. పొద్దున్నే లేచి తెకోవ అరణ్యానికి నడిచారు. పాటలు పాడేవాళ్ళు సైన్యానికి ముందు నడిచారు. కాళ్ళు వాళ్ళవే, యుద్ధం మాత్రం ఆయనది.

మా ఒంగోలు చరిత్రలోనూ ఇలాంటి సంగతి ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుతుండగా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఊరి పక్క కొండెక్కి ప్రార్థించారు. మొత్తం ఐదుగురు. వాళ్ళ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు మళ్ళీ మళ్ళీ ఆలోచించిన కాలం అది. ఒంగోలుకు మిషనరీగా క్లౌ దొర వచ్చింది ఆ తర్వాత పన్నెండేళ్ళకు, 1866లో. 1876లో మొదలైన కరువులో ఆయన జనానికి బియ్యం పంచి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకు కూలి చూపించాడు. తిండి కోసం వచ్చి బాప్తిస్మం అడుగుతారేమోనని, ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలే ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఐదుగురూ కొండ మీద నిలబడ్డ రోజున ఈ అంకె ఎవరి పుస్తకంలోనూ లేదు.

మన కూడికల్లో సాక్ష్యాలు ఎక్కువగా గెలుపుతో ముగుస్తాయి. నాది అలా ముగియదు. చెరువు తిరిగి రాలేదు. డీలరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెబితే నలుగురిలో నానా మాటలూ అన్నాడు. తర్వాత వాయిదాలకు ఒప్పుకున్నాడు. రెండేళ్ళు ఇంకొకరి చెరువుల మీద జీతానికి పనిచేశాను. నా భార్య గాజులు బ్యాంకులోకి వెళ్ళాయి, ఇప్పటికీ ఒక జత అక్కడే ఉంది. ఆఖరి రూపాయి తీరేసరికి నాలుగో ఏడు నడుస్తోంది. కానీ ఆ చాప మీద ఏడ్చిన రాత్రి నేను నిద్రపోయాను. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి. తొమ్మిది లక్షలూ అలాగే ఉన్నాయి, నేను నిద్రపోయాను. దేవుడు నాకు చేసిన మేలు చెప్పమంటే ముందు అదే చెబుతాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. యెహోషాపాతు కథ విజయంతో ఆగదు. దోపుడు సొమ్ము మోసుకోవడానికి మూడు రోజులు పట్టింది, నాలుగో రోజు బెరాకా లోయలో స్తుతులు. అదే అధ్యాయం చివర్లో చూస్తే, ఇశ్రాయేలు రాజు అహజ్యాతో పొత్తు పెట్టుకుని ఎసోన్గెబెరులో ఓడలు కట్టించాడు. ఓడలు బద్దలయ్యాయి. అంత చూసినవాడు మళ్ళీ తన ఏర్పాట్లు తాను చేసుకున్నాడు. అది చదివినప్పుడు నాకు రాజు మీద కోపం రాదు. ఇప్పుడు మళ్ళీ చిన్న చెరువు వేశాను, మళ్ళీ నోటు పుస్తకం ఉంది. పంట బాగున్న వారం నా ప్రార్థన పొట్టిదవుతుంది. అది గమనించినప్పుడల్లా ఓడలు గుర్తొస్తాయి.

పోయిన నెల మా సంఘంలో శుక్రవారం ఉపవాస కూడిక. హైదరాబాదులో ఉద్యోగం పోయి ఇంటికి వచ్చేసిన కుర్రాడొకడు వెనక గోడ దగ్గర కూర్చున్నాడు. ప్రార్థన అంశాలు అడిగితే లేచి నిలబడ్డాడు. చాలాసేపు మాట రాలేదు. "అయ్యగారూ, ఏం అడగాలో కూడా నాకు తోచట్లేదండీ" అన్నాడు. పాస్టరు అయ్యగారు ఇంకా ఏమీ అనకముందే, ముందు వరసలో మా అమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. చాపల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. ఆ వెనకే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లేచారు. వాడి తల్లి అప్పటివరకూ గుమ్మం బయటే ఉంది. ఆమె కూడా లోపలికి వచ్చింది.