ముందు టేపు తీయండి

మన కెమిస్ట్రీ విభాగం అనగానే ఎవరికైనా హెచ్‌టూఎస్ కంపు, సాల్ట్ ఎనాలిసిస్, కారే బ్యూరెట్లు గుర్తొస్తాయి. వాటితోపాటు, సాయంత్రం కాగానే రిఫ్లక్స్ (ద్రావణాన్ని గంటలతరబడి మరిగించడం) ఆపేసి ఫ్లాస్కులు దించే ఆడపిల్లలనూ గుర్తుచేసుకోవాలి. చీకటి పడితే హాస్టల్ గేటు మూసేవారు. పన్నెండు గంటలు నడవాల్సిన రియాక్షన్ జోలికి వాళ్లు పోయేవారు కాదు. ఆరు గంటల్లో తేలే ప్రాజెక్టే తీసుకునేవారు. ప్రాజెక్టు చిన్నదైతే పేపరూ చిన్నదే. ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో "అమ్మాయిలకు రీసెర్చ్ మీద ఆసక్తి తక్కువండీ" అనేవారు. అది ఆసక్తి కాదు, గేటు వేళ.

అమెరికాలోని ఎంఐటీలో జీవశాస్త్ర ఆచార్యురాలు నాన్సీ హాప్కిన్స్ జీబ్రాఫిష్ తొట్లకు మరికాస్త చోటు అడిగితే దొరకలేదు. రాత్రిపూట టేపు పట్టుకుని ల్యాబులు కొలిచారు. కొత్తగా చేరిన మగ అధ్యాపకులకు ఉన్నంత జాగా కూడా సీనియర్ అయిన ఆమెకు లేదని తేలింది. 1994లో ఆ సైన్స్ స్కూల్లో పర్మనెంట్ అధ్యాపకుల్లో మగవారు 194, ఆడవారు 15. ఈ తేడాల మీద తయారైన నివేదిక 1999లో బయటికొచ్చినప్పుడు ఎంఐటీ అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ వివక్ష ఉన్నమాట నిజమేనని బహిరంగంగా ఒప్పుకున్నారు.

మనమూ అక్కడే మొదలుపెట్టాలి. ఒక్కొక్కరికి ఎంత బెంచి, ఏ ఫ్యూమ్‌హుడ్ (ఘాటు వాయువులను బయటికి లాగే అర), ఎన్‌ఎంఆర్ (అణువుల నిర్మాణం తేల్చే యంత్రం) రాత్రి స్లాట్లు ఎవరికెన్ని, గ్లవ్స్ ఏ సైజులో వస్తున్నాయి? స్టోర్స్‌లో లార్జ్ ఒక్కటే ఉంటే చిన్న చేతులకు వేళ్ల కొసలు వేలాడతాయి, బ్యూరెట్ కుళాయి తిప్పబోతే జారుతుంది. పట్టు దొరకడంలేదని గ్లవ్స్ తీసేసి పనిచేస్తారు, ఆసిడ్ పడేది అప్పుడే. స్టోర్స్‌కు పంపే ఇండెంట్‌లో (సరుకుల జాబితాలో) స్మాల్, మీడియం రాస్తే ఆ సమస్య తీరిపోతుంది.

గేటు సంగతి అంత తేలిక కాదు. రోజూ అనుమతి లేఖ, దానిమీద నాన్నగారి సంతకం అంటే ఏ అమ్మాయీ అడగదు. గైడ్ సంతకంతో సెమిస్టర్ మొత్తానికి ఒకే లేఖ ఉండాలి. రాత్రి ల్యాబులో కనీసం ఇద్దరుండాలి, ఈ నియమం అబ్బాయిలకూ వర్తించాలి. హాస్టల్ దాకా బండి ఉండాలి. మన పూర్వ విద్యార్థుల నిధి దేనికన్నా ముందు ఆ బండికే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.

ఎంపికల్లో పొరపాటు మంచివాళ్ల చేతులమీదుగానే జరుగుతుంది. 2012లో ఒక అధ్యయనంలో ఒకే ఉద్యోగ దరఖాస్తును కొందరికి జాన్ పేరుతో, మిగతావారికి జెన్నిఫర్ పేరుతో 127 మంది అమెరికా సైన్స్ అధ్యాపకులకు పంపారు. జెన్నిఫర్‌కు తక్కువ మార్కులు, తక్కువ జీతం వచ్చాయి. అలా వేసినవారిలో మహిళా అధ్యాపకులూ ఉన్నారు. అందుకే దేనికెన్ని మార్కులో దరఖాస్తులు తెరవకముందే రాసిపెట్టుకోవాలి. "పెళ్లెప్పుడు?" అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో వినపడకూడదు.

యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ విద్యార్థినులకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. ఆ కాగితం ఆఫీసు బీరువాలో కాదు, చేరిన రోజు ఇచ్చే ఫైల్లో ఉండాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, విచారణకు 90 రోజులు. ఆ ఫిర్యాదులు విచారించే కమిటీలో బయటి సభ్యులు ఉన్నారో లేదో ముందే చూసుకోవాలి. థీసిస్ మీద సంతకం చేయాల్సిన గైడ్ మీదే ఫిర్యాదైతే, విచారణ సాగినంతకాలం ఫిర్యాదు చేసిన అమ్మాయి పని మూల్యాంకనం ఆయన చేతిలో ఉండకుండా కమిటీ సిఫారసు చేయవచ్చు. ఈ ఒక్క వాక్యం తెలియకే చాలామంది నోరు మెదపరు. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లతోపాటు దాన్నీ పెద్దక్షరాల్లో బ్యాలెన్స్ రూం తలుపు మీద అతికించాలి.