బరంపురం చెమ్మ, రాయగడ ఎండ: తుపాకి గొట్టంలో గార

బరంపురంలో ఏప్రిల్ పొద్దున పెట్టెలోంచి తీసిన గుడ్డపేలికలు కూడా చెమ్మగానే ఉన్నాయి. గోపాల్‌పూర్ సముద్రం అక్కడికి 16 కిలోమీటర్లే. అక్కడ చూసిన మూతి నుంచి మందు దట్టించే తుపాకి గొట్టంలో మసి తడి కాటుకలా మెత్తగా ఉంది. రెండు రోజుల తర్వాత రాయగడలో చూసినది కమ్మరి కొలిమి చిట్టెంలా గట్టిపడింది. మందులో తేడా లేదు, తేడా అంతా గాలిలోనే.

తుపాకిమందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా వాయువు కాదు, ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగతో పోతుంది, మిగతాది గొట్టం గోడలకు గారలా పడుతుంది. ఇందులో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు. గాలిలో తేమ ఉంటే పీల్చుకుని మెత్తబడతాయి, పొడిగా ఉంటే బిగుసుకుపోతాయి. కాబట్టి పేల్చేవాడు చేయగలిగిందల్లా గారను మెత్తగా ఉంచడమే.

నౌపడ దగ్గర గుణుపూర్ రైలుదారి విడిపోతుంది. పర్లాకిమిడి దాకా 1900లో చిన్నలైనుగా వేసిన దారి ఇది. గుణుపూర్ వంశధార ఒడ్డునే. అక్కడ ఒక తెలుగు రైతు ఇంట్లో, పంట కాపలా లైసెన్సు మీద ఉన్న తుపాకి చూశాం. 1959 ఆయుధాల చట్టంలోని 13వ సెక్షన్ పంట రక్షణ కోసం ఇలాంటి తుపాకిని ప్రత్యేకంగా పేర్కొంటుంది.

ముందు గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఇది ఎవరు చెప్పినా వదలకూడని పని. దట్టించే కడ్డీని లోపలికి వదిలి, మూతి దగ్గర గోటితో గుర్తు పట్టి, బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి కొలవాలి. కడ్డీ కొస, మందుకు నిప్పు అందించే చిన్న టోపీ పెట్టే చోటుకు చేరాలి. నాలుగు వేళ్ళ ముందే ఆగితే లోపల మందు, గుండు ఉన్నాయని లెక్క.

"నూనె రాస్తే పోద్ది కదేటి బాబూ?" అని అడిగాడాయన. పోదు. లవణాలు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. మిషను నూనె మిగిలిన గొట్టంలో మందు కాలితే తారులాంటి మడ్డి తయారవుతుంది. దట్టించే ముందు గొట్టంలోని నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి.

రాయగడలో చూసింది ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిలు, మెలి తిరిగిన మూడు గాడులున్న గొట్టం. గార గాడుల్లో పేరుకుని, మందు కాలే చోటుకు కాస్త ముందు ఉంగరంలా బిగుస్తుంది. మూడో నాలుగో దెబ్బకు గుండు ఆ ఉంగరం దగ్గర ఇరుక్కుంటుంది. మందుకూ గుండుకూ మధ్య సందు మిగిలితే పేల్చినప్పుడు గొట్టం ఉబ్బిపోవచ్చు. అందుకే గుండు పూర్తిగా దిగితే కడ్డీ ఎంత బయట ఉంటుందో దానిమీద గీత గీసుకోవాలి.

ప్రతి దెబ్బకూ ఒక చెమ్మ పేలిక, ఒక పొడి పేలిక వాడాలి. పాత నూలు పంచెలోంచి రెండంగుళాల చదరాలు చించుకోవచ్చు, పాలిస్టర్ వద్దు. చెమ్మ అంటే, పిండితే చుక్క రాకూడదు. నీళ్ళోడితే మసి చివరికి కారి టోపీ నిప్పు వెళ్ళే సన్నటి దారిని మూసేస్తుంది, తర్వాత దెబ్బ పేలదు. కడ్డీ తల కాస్త సన్నగా ఉండాలి. దిగేటప్పుడు పేలిక గార మీదుగా జారిపోయి, పైకి లాగేటప్పుడు ముడుచుకుని దాన్ని లాక్కురావాలి. బిగుతు తల గారను లోపలికే నెడుతుంది.

గుండు చుట్టూ వేసే గుడ్డకు తేనెమైనం ఒక వంతు, ఆముదం రెండు వంతులు వాడొచ్చు. ఎండాకాలం కారిపోతుంటే మైనం పెంచాలి. గిన్నెను వేన్నీళ్ళలో పెట్టి, మందు డబ్బాకు దూరంగా కరిగించాలి. 1857లో సిపాయిలను కలవరపెట్టిన ఎన్‌ఫీల్డ్ తూటా కొవ్వు కూడా గుండు సులువుగా దిగడానికీ గార మెత్తబడడానికీ పూసిందే. అంత పెద్ద చరిత్ర వెనక ఇంత చిన్న అవసరం ఉంది.

కడగడం పేల్చిన రోజే జరగాలి. టోపీ కూర్చునే చనుమొన విప్పి, గొట్టం కింది కొసను బకెట్టులో రెండు లీటర్ల గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి, పేలిక చుట్టిన కడ్డీని పంపులా పైకీ కిందికీ ఆడించాలి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, అది సల్ఫైడ్. నీళ్ళు రెండుమూడుసార్లు మార్చాలి. మరిగే నీళ్ళు అక్కర్లేదు, వేడికి ఇనుము మీద క్షణాల్లో ఎర్ర తుప్పు పొర వస్తుంది. తెల్ల పేలిక తెల్లగానే బయటికొచ్చాక ఆరబెట్టి, పలచగా నూనె పట్టించాలి.

రాయగడ రైఫిలును అలా కడిగాక, మర్నాడు పొద్దున ఇంకో పొడి పేలిక దించాం. మూతి దగ్గర తెల్లగానే ఉంది, కొసకు ఇటుక రంగు గీత అంటింది. గాడుల్లో ఇంకా లవణం మిగిలిందన్నమాట. చనుమొన మళ్ళీ విప్పి బకెట్టు నింపాం.