లెక్క సరిపోయాకే ఫలితం

మన బడి పూర్వ విద్యార్థుల సమావేశ సంచిక కోసం, క్రీడావార్తల సంస్థను ఎలా నిలబెట్టానో రాయమని సంఘంవారు అడిగారు. డ్రిల్లు మాస్టారిని ప్రస్తావించకుండా ఆ సంగతి చెప్పడం నాకు చేతకాదు.

క్రికెట్ స్కోరు రాసే ఎర్ర అట్ట పుస్తకం మీకందరికీ గుర్తే. బి సెక్షన్‌తో ఆడిన ఆ ఫైనల్ ముగిసి, మన ఎ సెక్షన్‌వాళ్లు "రైలు" అని మనం పిలిచే ఆటగాణ్ణి భుజాల మీద ఎత్తుకొని తిరుగుతుండగా, మాస్టారు మాత్రం స్కోరర్లమైన మా ఇద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టి పుస్తకాలు తెరిపించారు. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు, అంటే బ్యాటుతో కొట్టకుండా వచ్చిన అదనపు పరుగులు, కలిపితే జట్టు స్కోరు రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకు, వారి ఖాతాలో వేయని బైలు (బంతి బ్యాటుకూ ఒంటికీ తగలకుండా వచ్చినవి), లెగ్‌బైలు (ఒంటికి తగిలి వచ్చినవి) కలిపినా అదే అంకె రావాలి. నా పుస్తకంలో సరిపోయింది, బి సెక్షన్ పుస్తకంలో ఒక పరుగు ఎక్కువ వచ్చింది. గెలుపోటములు దానితో మారవని తెలిసినా, చీకటి పడుతున్నా ఆయన కదలలేదు. ఒక్కొక్క ఓవరూ వెనక్కి తిప్పి చూడగా, ఒక లెగ్‌బై బౌలరు ఖాతాలో కూడా పడిందని తేలింది. దానిని దిద్దించి, రెండు పుస్తకాల మీదా సంతకం చేశాకే ఫలితం ప్రకటించారు.

తరువాతి చదువులూ ఉద్యోగాలూ ఇక్కడ అనవసరం. మేము సంస్థ ప్రారంభించేనాటికి ఇంటర్నెట్‌లో స్కోర్లు కొత్త కాదు. క్రికెట్ స్కోర్లిచ్చే క్రిక్‌ఇన్ఫో వెబ్‌సైటు 1993లోనే మొదలైంది. మ్యాచ్ దృశ్యాలు చూపాలంటే ప్రసార హక్కులు కొనాలి, అంత సొమ్ము మా దగ్గర లేదు. అందుకని కెమెరాలు వెళ్లని జూనియర్ పోటీలనూ, మహిళల పోటీలనూ ఎంచుకున్నాము. తొలి పాఠకులు ఆటగాళ్ల తల్లిదండ్రులు, శిక్షకులు. కళ్లారా చూసిన ఆట కనుక ఒక్క అంకె తేడా వచ్చినా ఊరుకోరు. మాస్టారి పద్ధతినే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాము: రెండు వైపులా లెక్క కుదరనిదే స్కోర్‌కార్డు ఖరారు కాదు.

ప్రకటనల ఆదాయం క్లిక్కులను బట్టి వస్తుంది కనుక, ఆటగాళ్ల సొంత జీవితాల మీద పుకార్లు రాయమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. మేము ఒప్పుకోలేదు, చందాల మార్గం పట్టాము. 2016లో చందాలతో మొదలైన క్రీడావార్తల వెబ్‌సైటు ది అథ్లెటిక్‌ను, అది ఇంకా నష్టాలలో ఉండగానే, 2022లో న్యూయార్క్ టైమ్స్ 55 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు, ఆటల గురించిన మంచి రాతకు విలువ ఉందన్న మా నమ్మకం బలపడింది.

మేము మొదట్లో ఎవరి ఆట గురించి రాశామో ఆ పిల్లలలో కొందరు నేడు జాతీయ జట్లలో ఉన్నారు. వారి తొలి స్కోర్‌కార్డుల కోసం టీవీ సంస్థలు మా దగ్గరకే వస్తాయి. ఈ మాట ఫోనులో చెప్పినప్పుడు మాస్టారు ఎంతో సంతోషించి, లెగ్‌బైలు వేరుగా చూపుతున్నామా అని అడిగారు.

సమావేశం రోజు జరిగే ఎ–బి మ్యాచ్‌కు మా యాప్‌లో పేజీ సిద్ధంగా ఉంది. రెండు సెక్షన్లవారూ తమ స్కోరరు పేరును ముందుగానే సంఘానికి తెలియజేయగలరు.