వెట్స్‌లర్‌లో, రంగు తెలియని కెమెరాతో

ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలెక్కిన గంట పైచిలుకుకు వెట్స్‌లర్‌లో దిగాను. ఆకాశమంతా మబ్బు. తోటి ప్రయాణికులు గొడుగులు వెతుక్కుంటుంటే నాకు మాత్రం సంబరమేసింది. నా మెడలో వేలాడుతున్న కెమెరాకు నీలాకాశం కన్నా మబ్బే దగ్గరి చుట్టం.

ఆ కెమెరా నాది కాదు. ఒక మిత్రుడు మూడు రోజులకు అరువిచ్చారు. లైకా క్యూ2 మోనోక్రోమ్, 2020 నవంబరులో వచ్చిన మోడలు. మార్చడానికి వీల్లేని 28 మిల్లీమీటర్ల లెన్స్, వెలుగును పట్టి బొమ్మగా మార్చే 47 మెగాపిక్సెళ్ల సెన్సర్, బ్యాటరీతో కలిపి ముప్పావు కిలోకు కాస్త తక్కువ బరువు. దీన్ని కాంపాక్ట్ అనడం కొంత మొహమాటమే. కోటు జేబులో పెడితే కోటే ఒక పక్కకు వాలుతుంది. దీని అసలు ప్రత్యేకత వేరు. ఇది రంగులు చూడలేదు. మెనూలోకి వెళ్లి నలుపు తెలుపు ఎంచుకోవడం లాంటిది కాదు, పుట్టుకతోనే దీనికి రంగంటే తెలియదు.

మామూలు డిజిటల్ కెమెరాలో సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల పొర ఒకటి పరిచి ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు తెచ్చిపెట్టిన అమరిక అది. నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ప్రతి గడీ తన రంగు వెలుగును లోపలికి రానిచ్చి మిగిలినదాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆ గడిలో లేని రెండు రంగులను కెమెరా పక్క గళ్లను చూసి లెక్కగడుతుంది. మోనోక్రోమ్‌లో ఆ పొరే లేదు. వచ్చిన వెలుగంతా లోపలికే పోతుంది. లెక్కగట్టి పూరించాల్సింది లేదు కనుక అంచులు పదునుగా వస్తాయి, మసక వెలుతురులోనూ చూపు ఆనుతుంది. ఇదంతా ముందే చదువుకుని వెళ్లాను. చదవకుండా వదిలేసిన సగం మొదటి పూటే ఎదురైంది.

వీధి ఫొటోలు తీయడానికి ఈ చిన్న ఊరే ఎందుకంటే, చేతిలో ఇమిడే కెమెరా పుట్టిల్లు ఇదే. ఆస్కార్ బార్నాక్ ఇక్కడి లైట్స్ కంపెనీలో, అంటే తర్వాత లైకా కెమెరాలు చేసిన కంపెనీలో, ఇంజనీరు. ఉబ్బసం మనిషి. గాజు పలకల పెట్టె కెమెరాను మోసుకుని తిరగడం ఆయన వల్ల కాలేదు. సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు సినిమా ఫ్రేములను కలిపి ఒకటి చేసి, 24×36 మిల్లీమీటర్ల నెగెటివ్ ఇచ్చే చిన్న కెమెరాను 1914 నాటికి తయారుచేసుకున్నారు. అది లైకా పేరుతో జనంలోకి వచ్చింది 1925లో, లైప్‌జిగ్ సంతలో. ఈ రోజుకీ ‘ఫుల్ ఫ్రేమ్’ అని మనం గొప్పగా చెప్పుకునే సెన్సర్ కొలత ఆ ఉబ్బసం మనిషి సౌకర్యం కోసం పుట్టిందే.

పాత ఊళ్లో ఐజెన్‌మార్క్ట్ అనే చిన్న కూడలి ఉంది. ఇనుప బజారు అని అర్థం. బార్నాక్ ఆ తొలి కెమెరాతో 1914లో ఈ కూడలిని ఫొటో తీశారు. ఆయన నిలబడిన చోట నేలలో ఒక గుర్తు పలక ఉంది. వచ్చిన ప్రతివాడూ దాని మీద నిలబడి అదే ఫొటో తీస్తాడు. నేనూ నిలబడ్డాను. సిగ్గుపడలేదు.

అంతలో మబ్బు విడింది. ఎదురుగా కర్ర దూలాల మధ్య తెల్ల సున్నం పూసిన పాతకాలపు ఇళ్లు. దూలాలు నల్లన, గోడలు తెల్లన, నలుపు తెలుపు కెమెరాకు ఇంతకన్నా ఏం కావాలి? చకచకా ఇరవై తీశాను. మధ్యాహ్నం గదిలో కంప్యూటర్ మీద తెరిచి చూస్తే ఎండ పడిన గోడలన్నీ వట్టి తెల్ల కాగితం. సున్నంలో ఒక్క పగులు లేదు, ఒక్క మరక లేదు. రంగుల సెన్సర్ అయితే ఒక రంగులో వెలుగు పొంగిపోయినా మిగతా రెండింటిలో ఎంతో కొంత మిగులుతుంది, దాన్ని పట్టుకుని సాఫ్ట్‌వేర్ గోడను తిరిగి కడుతుంది. ఇక్కడ ఉన్నది ఒక్కటే. అది నిండి పొర్లిందంటే పొర్లినట్లే. ఆ ఇరవైలో పదహారు చెరిపేశాను. అప్పటినుంచి ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలోకి రానిచ్చే వెలుగును, తగ్గించి మైనస్ 0.7 మీద పెట్టి, ఎండ మరీ ఎక్కువైతే మైనస్ ఒకటికి దించి తీశాను. ఫొటోలు తెర మీద బొగ్గులా కనబడేవి. కానీ ఆ నీడల్లోంచి ఎంత తోడినా వివరం వస్తూనే ఉంది. ఈ కెమెరాకు చీకటి భయం లేదు, ఎండంటేనే వణుకు.

మర్నాడు పొద్దున తీగలు అల్లుకున్న ఒక గోడ ముందు, బస్సు కోసం ఎదురుచూస్తూ ఎర్ర కోటు వేసుకున్న ఆవిడ ఒకరు వీపు నావైపు తిప్పి నిలబడి ఉన్నారు. పచ్చటి ఆకుల ముందు ఆ ఎరుపు నిప్పులా ఉంది. వీధి ఫొటో తీసేవాళ్లెవరూ దాటిపోలేని దృశ్యం. తీశాను. చూసుకుంటే ఆకులూ కోటూ ఒకే బూడిదరంగు. జుట్టు, బూట్లు, సంచి మాత్రం గాలిలో తేలుతున్నాయి. మనిషి తీగల్లో కలిసిపోయింది. వ్యూఫైండర్‌లో కూడా నలుపు తెలుపే కనబడుతుంది కదా, మరి నాకెందుకు తెలియలేదంటే, నేను వ్యూఫైండర్‌ను నమ్మలేదు. కళ్లు అప్పటికే ఎరుపును చూసేశాయి, ఇక దాన్ని మరవలేదు.

రంగుల ఫైలు అయితే ఇంటికెళ్లి ఎరుపును ఒక్కదాన్నే వెలిగించి, ఆకుపచ్చను దించి గట్టెక్కవచ్చు. ఇక్కడ ఆ మీటలు లేవు. తేల్చుకోవాల్సింది షట్టర్ నొక్కకముందే, లెన్స్ మీద గాజు బిళ్ల బిగించి. మిత్రుడు సంచిలో ఒక నారింజ ఫిల్టర్ పడేశారు. ఎందుకులే అని పక్కన పెట్టింది అదే. సుమారు రెండు స్టాపుల వెలుగు, అంటే నాలుగింట మూడొంతులు, మింగుతుంది, బదులుగా ఎరుపును తేలికచేసి, ఆకుపచ్చనూ నీలాన్నీ దించుతుంది. మూడో రోజు అదే వేళకు అదే గోడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ వస్తారో రారో, వచ్చినా అదే కోటు వేసుకుంటారో లేదో. వచ్చారు. అదే కోటు. ఈసారి ఆకులు నల్లగా వెనక్కి జరిగాయి, కోటు లేత బూడిదలో పైకి తేలింది.

ముఖాలు తీయడానికి మాత్రం వెనకాడాను. జర్మనీలో 1907 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ ఉంది. మనిషి బొమ్మను ప్రచురించాలంటే ఆ మనిషి సమ్మతి కావాలి. దృశ్యంలో యాదృచ్ఛికంగా పడినవాళ్లు, ఊరేగింపుల్లో ఉన్నవాళ్లు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అందుకని ఐజెన్‌మార్క్ట్‌లో బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి ముందే అడిగాను. సరేనన్నారు. తీశాక తెర మీద చూపించాను.

“ఫిల్మా?” అని అడిగారు.

“కాదండీ, డిజిటలే.”

“మరి రంగులేవి? పాడైందా?”

పాడవలేదు, ఇలాగే తయారుచేశారు అన్నాను. రంగు తీసేసినందుకు అదనంగా డబ్బు కూడా తీసుకుంటారన్న ముక్క చెప్పలేదు. ఆయన మంచి మనిషిలా ఉన్నారు.

నడుస్తూ తీయడానికి ఫోకస్ బాధ లేకుండా చేసుకున్నాను. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు దూరే కంత, ఎఫ్8, లెన్స్ మీద దూరం రెండున్నర మీటర్లు. 28 మిల్లీమీటర్ల లెన్స్‌తో దాదాపు మీటరున్నర నుంచి పది మీటర్ల దాకా ఉన్నవన్నీ చాలినంత స్పష్టంగా వస్తాయి. ఇక కెమెరా ఆలోచించేదేమీ ఉండదు, నొక్కితే చాలు. ఊరి కథీడ్రల్‌కూ అలాగే వెళ్లాను. మధ్యయుగంలో మొదలుపెట్టి ఇప్పటికీ పూర్తికాని కట్టడం, కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఇద్దరూ పంచుకునే గుడి. లోపలి మసకలో తీసినవి బాగానే వచ్చాయి కానీ అవన్నీ పోస్టుకార్డులే. ఊరి చివర లైకా కంపెనీ ఆవరణ అయిన లైట్స్ పార్కులో పాత కెమెరాలూ చూశాను. బార్నాక్ సొంతంగా వాడుకున్న ఒక ప్రయోగ కెమెరా 2022లో ఇదే ఊళ్లో కోటీ నలభై నాలుగు లక్షల యూరోలకు వేలంలో పోయింది. ఆ తర్వాత నా మెడలోని అరువు సొత్తు బరువు ఇంకాస్త పెరిగినట్టనిపించింది.

ఆఖరి రాత్రి లాన్ నది మీది పాత రాతి వంతెన. 1920లో వరద ఈ ఊరిని ముంచినప్పుడు బార్నాక్ తన చిన్న కెమెరాతో వీధుల్లో నీళ్లను వరసగా ఫొటోలు తీశారు. నేను వెళ్లినప్పుడు నది చప్పుడు లేకుండా ఉంది. వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి అయిన ఐఎస్‌ఓను 12,500కు పెంచి, పిట్టగోడకు మోచేతులు ఆనించి నిలబడ్డాను. దీపం కింద నుంచి ఒక సైకిల్ వచ్చింది, చీకట్లోకి పోయింది. షట్టర్ చప్పుడు నాకే వినబడలేదు. ఆ ఫొటోలో గరుకుదనం ఉంది కానీ రంగుల కెమెరాల్లో వచ్చే ఊదా, పచ్చ మరకల గరుకు కాదు. సన్న ఇసుక చల్లినట్టు, అంతటా ఒకటే.

కెమెరా తిరిగిచ్చినప్పుడు మిత్రుడు ఫొటోలన్నీ వేగంగా తిప్పుకుంటూ పోయి, తీగల గోడ దగ్గర ఆగారు.

“ఇది బాగుంది. పసుపు కోటా?”